ప్రాసెసర్ కూలర్ ఎంపికలో చప్పుడు లెక్క

నా డెస్క్‌టాప్‌లోని పాత కూలర్ చేసే చప్పుడు నిజానికి మరీ పెద్దది కాదు; అది ఒక్క తీరున ఉండకపోవడమే నన్ను విసిగించింది. బ్రౌజర్‌లో కొత్త పేజీ తెరిస్తే చాలు, ఫ్యాన్ హోరుమని లేచి, రెండు మూడు క్షణాల్లో మళ్లీ సద్దుమణిగేది. అర నిమిషం గడవకముందే ఇంకోసారి లేచేది. అదే యంత్రంపై గంటసేపు వీడియో ఎన్‌కోడ్ చేస్తున్నప్పుడు, అంటే వీడియో ఫైలును మరో రూపంలోకి మారుస్తున్నప్పుడు మాత్రం, ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతున్నా, కాసేపటికి చెవి దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేసేది. ఈ తేడాను గమనించాకే కూలర్ మార్చాలన్న ఆలోచన కలిగింది. ఆ తరువాత చదివినది, కొలిచినది, పొరబడినది ఇక్కడ రాస్తున్నాను. ఎయిర్ కూలర్ అనగానే గదిని చల్లబరిచే నీళ్ల పెట్టె గుర్తుకు వచ్చేవారు కూడా ఉంటారు కనుక ముందే చెబుతున్నాను: ఇక్కడ ఆ మాటకు అర్థం ప్రాసెసర్ నెత్తిన కూర్చునే లోహపు రేకుల కట్ట, దానికి తగిలించిన ఫ్యాన్, అంతే.

ఆ రేకుల కట్టలో అసలు పనిమంతులు రాగి గొట్టాలు. హీట్ పైప్ అనే ఈ గొట్టం లోపలి గాలిని తీసేసి, కొద్దిపాటి నీటిని ఉంచి మూసివేస్తారు. పీడనం బాగా తక్కువగా ఉండడం వల్ల ఆ నీరు 100 డిగ్రీలకు చాలా ముందే ఆవిరవుతుంది. ఆవిరి పై కొసకు చేరి, తాను మోసుకొచ్చిన వేడిని అక్కడి అల్యూమినియం రేకులకు అప్పగించి, తిరిగి నీరై, గొట్టం లోపలి గోడకు అంటి ఉన్న రాగి పొడి పొర గుండా, దీపపు వత్తి నూనెను పీల్చినట్టుగా, మళ్లీ మొదటి చోటికి వస్తుంది. ఇందులో పంపు లేదు, అరిగే భాగం లేదు, కరెంటుతో పని లేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీనికి ఆచరణ రూపం ఇచ్చాడు. అదే లావున్న గట్టి రాగి కడ్డీ కన్నా ఇది అనేక రెట్లు సులువుగా వేడిని మోస్తుంది. కూలర్ మొత్తంలో చప్పుడు చేసేది ఫ్యాన్ ఒక్కటే కాబట్టి, నిశ్శబ్దం గురించిన ప్రశ్నలన్నీ చివరికి ఒకే చోటికి చేరుతాయి: మన ప్రాసెసర్ విడుదల చేసే వేడిని బయటికి పంపడానికి ఆ ఫ్యాన్ ఎంత నెమ్మదిగా తిరిగితే సరిపోతుంది?

అందువల్ల మొదట తేల్చుకోవలసింది కూలర్ పేరు కాదు, ప్రాసెసర్ వాట్లు. పెట్టె మీద ఉండే టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్, అంటే ప్రాసెసర్ వేడికి తయారీదారు వాట్లలో చెప్పే లెక్క) అంకె ఇక్కడ మనల్ని దారి తప్పిస్తుంది. ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లలో 105 వాట్లని రాసి ఉన్నది పూర్తి భారం పడినప్పుడు 142 వాట్ల వరకు తీసుకుంటుంది. 170 వాట్లని రాసి ఉన్న రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల వరకు వెళ్తుంది. ఇంటెల్ కోర్ ఐ9-13900కె విషయంలో మూల అంకె 125 వాట్లయితే గరిష్ఠ అంకె 253 వాట్లు. కూలర్ తయారీదారులు తమ వంతుగా ప్రకటించే వాట్ల అంకెలకు కూడా అందరూ పాటించే ఉమ్మడి కొలమానం లేదు కనుక, ఒకే కంపెనీ మోడళ్లను పరస్పరం పోల్చుకోవడానికి మించి వాటికి నేను విలువ ఇవ్వను. నాది రైజెన్ 9 5900ఎక్స్. కూలర్ కొనే ముందు ఒక వారం పాటు అది ఎంత కరెంటు తీసుకుంటోందో గమనించాను: రాత పని, బ్రౌజర్ నడిచేటప్పుడు 40 నుంచి 60 వాట్లు, ఎన్‌కోడ్ చేసేటప్పుడు నికరంగా 142 వాట్లు. నాకు కావలసింది 142 వాట్లను తట్టుకునే కూలర్ కాదని, 142 వాట్ల దగ్గర కూడా ఫ్యాన్ నిమిషానికి వెయ్యి చుట్లు దాటకుండా తట్టుకునే కూలర్ అని అప్పుడు స్పష్టమైంది.

ఈ రెంటికీ ఉన్న తేడాలోనే అసలు విషయమంతా ఉంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే అది నెట్టే గాలి కూడా సగమవుతుంది, కాని చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతుంది. 10 డెసిబెల్‌లు తగ్గితేనే చప్పుడు సగమైనట్టు మన చెవికి తోస్తుంది కనుక ఇది చాలా పెద్ద లాభం. 1500 చుట్ల నుంచి 1050కి దించినా దాదాపు 8 డెసిబెల్‌లు తగ్గుతాయి, పెద్ద కూలర్‌లో అందుకు మనం చెల్లించేది కొద్ది డిగ్రీల వేడి మాత్రమే. అంటే గాలిలో కొంచెం వదులుకుంటే చప్పుడులో చాలా కలిసివస్తుంది. ఈ బేరం కుదరాలంటే మాత్రం రేకుల వైశాల్యం అవసరానికి మించి ఉండాలి. చిన్న రేకుల కట్టకు ఎంత ఖరీదైన ఫ్యాన్ తగిలించినా అది పరుగెత్తక తప్పదు. నిశ్శబ్దమైన కూలర్ కావాలని వెతికేవారు తరచుగా ఫ్యాన్ గురించే చదువుతారు. నేనూ మొదట అదే చేశాను. ముందుగా చూడవలసింది లోహం ఎంత ఉందన్నదే.

తయారీదారులు ప్రకటించే డెసిబెల్ అంకెలను నేను చివరికి పక్కన పెట్టేశాను. ఎంత దూరం నుంచి కొలిచారు, ఫ్యాన్‌ను విడిగా గాలిలో తిప్పి కొలిచారా లేక రేకులకు తగిలించి కొలిచారా అన్నది తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. అంతకన్నా ముఖ్యం శబ్దపు స్వభావం. ఏడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1200 చుట్లు తిరిగితే రెక్కలు ఒక చోటును దాటే లెక్క సెకనుకు 140; ఆ పౌనఃపున్యం దగ్గర గుయ్యిమనే స్వరం పుడుతుంది. అది చుట్టూ ఉన్న గాలి హోరులో కలిసిపోతే మనకు తెలియదు, విడిగా పైకి తేలితే అంకె ఎంత తక్కువైనా చెవిని పొడుస్తూనే ఉంటుంది. జంట ఫ్యాన్ల కూలర్‌లో రెండూ ఇంచుమించు ఒకే వేగంతో తిరిగితే, ఆ చిన్న తేడా వల్ల చప్పుడు అలలుగా లేచి పడుతూ వినిపిస్తుంది. అందుకే ఈ మధ్య కొన్ని జంట ఫ్యాన్లను ఆ తేడా మరికాస్త పెరిగేలా కావాలనే వేర్వేరు వేగాలతో తయారు చేస్తున్నారు. బేరింగ్ చేసే సన్నని గరగర మరొకటి. ఫ్యాన్ మెల్లగా తిరిగేటప్పుడే అది బయటపడుతుంది కనుక పూర్తి వేగంలో చేసిన పరీక్షల్లో దాని జాడ దొరకదు. కాబట్టి ఒకే స్థాయి చప్పుడు దగ్గర కూలర్లన్నింటినీ నిలిపి, అప్పుడు ఉష్ణోగ్రతలను పోల్చిన సమీక్షలనే నేను నమ్మాను. ఫ్యాన్లను గరిష్ఠ వేగంలో తిప్పి ఎవరు ముందున్నారో చెప్పే పట్టికలు నాలాంటివాడికి ఎందుకూ పనికిరావు.

మోడళ్ల సంగతికి వస్తే, ఆస్ట్రియాకు చెందిన నాక్టువా 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డి15 చాలాకాలం ఈ తరహా కూలర్లకు కొలబద్దగా నిలిచింది: ఆరు హీట్ పైపులు, రెండు గోపురాలుగా నిలిపిన రేకులు, రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, 165 మిల్లీమీటర్ల ఎత్తు, ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోల బరువు. జర్మనీకి చెందిన బీ క్వైట్ కంపెనీ డార్క్ రాక్ ప్రో వరుస కూడా ఇదే కోవది. తరువాత థర్మల్‌రైట్ కంపెనీ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ వచ్చి, 155 మిల్లీమీటర్ల ఎత్తులో, ఆరు హీట్ పైపులతో, రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లతో, చాలా తక్కువ ఖర్చులో వాటికి దగ్గరగా చేరింది. మిగిలిన తేడా ఫ్యాన్ల నాణ్యతలో, బిగించే సరంజామాలో, ప్రాసెసర్ కూర్చునే సాకెట్లు కొత్తవి వచ్చినప్పుడు అందించే అమరికల్లో కనిపిస్తుంది. పదేళ్లు వాడదలచినవారికి అది చిన్న తేడా కాదు.

నేను పొరబడింది కొలతల దగ్గర. మొదట తెప్పించుకున్నది 165 మిల్లీమీటర్ల ఎత్తున్న జంట గోపురాల కూలర్. నా కంప్యూటర్ పెట్టె, అంటే క్యాబినెట్, 170 వరకు ఒప్పుకుంటుంది కనుక ఐదు మిల్లీమీటర్లు మిగిలే ఉన్నాయనుకున్నాను. ముందు వైపు ఫ్యాన్ సరిగ్గా ర్యామ్ మీదికి వస్తుందన్నది, దాని కింద 32 మిల్లీమీటర్ల చోటు మాత్రమే ఉంటుందన్నది బిగించేటప్పుడు తెలిసింది. నా ర్యామ్ పైన అలంకారం కోసం తొడిగిన లోహపు కిరీటంతో కలిపి 44 మిల్లీమీటర్లు. ఫ్యాన్‌ను 12 మిల్లీమీటర్లు పైకి జరిపితే మొత్తం ఎత్తు 177 అయింది, పక్క తలుపు మూసుకోలేదు. రెండు రోజులు తలుపు తీసే ఉంచి, ముందు ఫ్యాన్ లేకుండా నడిపి చూశాక దానిని తిరిగి పంపించి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ల కూలర్‌కు మారాను. ఇక్కడ ఎత్తు తక్కువ కనుక ఫ్యాన్‌ను పైకి జరిపినా తలుపు మూసుకుంది. చూడవలసిన అంకెలు మూడు: క్యాబినెట్ ఒప్పుకునే ఎత్తు, ర్యామ్ ఎత్తు, ఫ్యాన్ కింద దొరికే చోటు. మూడూ ఆయా తయారీదారుల పేజీల్లో ఉన్నాయి. నేను ఒక్కటే చూశాను.

పెద్ద కూలర్ పెట్టినా ఉష్ణోగ్రత ఆశించినంత పడిపోలేదని నిరాశపడేవారు చాలామంది ఉన్నారు. కొత్త ప్రాసెసర్లలో గణన జరిగే సిలికాన్ ముక్క చాలా చిన్నది. 7950ఎక్స్ చెందిన జెన్ 4 తరంలో, గణన చేసే కోర్లుండే ఒక్కో ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. అంత చిన్న చోటు నుంచి వేడి పైనున్న లోహపు మూతకు చేరడమే అన్నిటికన్నా ఇరుకైన దారి కాబట్టి, ఆ పైన ఎంత లోహం పేర్చినా కొంత మేరకే ఫలితం. పైగా 7950ఎక్స్ వంటివి 95 డిగ్రీల దగ్గర పని చేసేలాగే రూపొందాయి. చల్లదనం కాస్త మిగిలితే దానిని వేగంగా మార్చుకుని మళ్లీ అదే 95కు చేరతాయి. తెర మీద ఆ అంకె కనిపించగానే కూలర్‌ను నిందించడం న్యాయం కాదు.

అదే కారణం చేత ప్రాసెసర్ వాట్లకు బయోస్‌లో (మదర్‌బోర్డ్ సొంత అమరికల తెరలో) హద్దు పెట్టడం నాకు కూలర్ మార్చినంత పనికివచ్చింది. చివరి ముప్పై నలభై వాట్లు వేగానికి ఇచ్చేది స్వల్పం, వేడికి ఇచ్చేది అధికం. 142 వాట్ల హద్దును 115కు దించాను. ఇరవై నిమిషాల ఎన్‌కోడ్ పని మరో నిమిషం ఎక్కువ తీసుకుంటోంది, ఫ్యాన్ మాత్రం 900 చుట్ల దగ్గర నిలిచిపోతోంది. వేగంలో చివరి బొట్టు వరకు పిండుకోవాలనుకునేవారికి ఇది రుచించకపోవచ్చు. నాకు ఆ నిమిషం బరువనిపించలేదు.

ఇక మొదట నన్ను విసిగించిన ఆ ఎగుడుదిగుడు. దానికి మందు కూలర్‌లో కాదు, ఫ్యాన్ వేగాన్ని నిర్ణయించే గీతలో ఉంది. పేజీ తెరిచిన క్షణంలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్కసారిగా 15 డిగ్రీలు ఎగసి, వెంటనే దిగిపోతుంది; ఆ వేడి రేకుల దాకా చేరనే చేరదు, కాని మదర్‌బోర్డ్ కంగారుపడి ఫ్యాన్‌ను తరుముతుంది. అందుకని 65 డిగ్రీల వరకు ఫ్యాన్ ఒకే తీరున 600 చుట్లు తిరిగేలా గీతను చదునుగా ఉంచి, అక్కడి నుంచి 80 డిగ్రీల వరకు మెల్లని వాలుగా పెంచి, వేగం మారడానికి ముందు కొన్ని క్షణాలు ఆగే అమరికను పెట్టాను. చాలా బోర్డులలో ఈ అమరిక ఏదో ఒక పేరుతో ఉంటుంది. ఏదో ఒక వేగం దగ్గర క్యాబినెట్ రేకు వణికి ఝుమ్మంటే ఆ వేగాన్ని కూడా గీతలో దాటవేయవచ్చు. నా దాంట్లో అది 780 చుట్ల చుట్టుపక్కల ఉంది. ఇదంతా చేశాక, ఈ గీతను పాత కూలర్ మీదే ముందుగా ప్రయత్నించి ఉంటే రోజువారీ విసుగులో సగం అప్పుడే తీరేదేమోనని అనిపించింది.

క్యాబినెట్ గాలి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. కూలర్ వాడుకునేది క్యాబినెట్ లోపలి గాలినే. ఆ గాలి గదికన్నా 6 డిగ్రీలు వేడిగా ఉంటే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. ముందు భాగం గాజు పలకతో మూసి ఉన్న క్యాబినెట్‌లో, కింద గ్రాఫిక్స్ కార్డ్ వేడిని ఊదుతూ ఉంటే, ఎంత మంచి కూలరైనా పరుగెత్తవలసిందే. ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌లో మెల్లగా తిరిగే రెండు ఫ్యాన్లు లోపలికి, ఒకటి వెనుక నుంచి బయటికి గాలిని పంపితే చాలు.

నీటితో చల్లబరిచే రకాన్ని నేను ఎందుకు ఎంచుకోలేదంటే, నా వాట్లకు దాని అవసరం లేదు. 250 వాట్లను గంటల తరబడి మోయవలసినవారికి 360 మిల్లీమీటర్ల రేడియేటర్ (నీటి వేడిని గాలికి వదిలే రేకుల పలక) ఉన్న రకం నిజంగా మేలు. నా పనికి మాత్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉండే పంపు అదనపు చప్పుడు, పైగా అది ఆగిపోతే మొత్తం కూలర్‌నే మార్చాలి. ఎయిర్ కూలర్‌లో ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు.

కొత్త కూలర్ బిగించి ఇప్పటికి నాలుగు నెలలు. రాత పనిలో యంత్రం నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి దీపం వైపు చూడవలసి వస్తోంది. ఫ్యాన్ల హోరు తగ్గాక ఇన్నాళ్లూ దాని చాటున దాగిన మరో చప్పుడు బయటపడింది: భారం పడినప్పుడల్లా గ్రాఫిక్స్ కార్డ్‌లోని కాయిల్ (తీగచుట్ట) కీచుమని సన్నగా కూస్తోంది. దానికి ఫ్యాన్ గీత లేదు, మార్చుకునే రెక్కలు లేవు. ప్రస్తుతానికి తెర మీద ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టి దానిని కొంత అణచి ఉంచాను.