ఉద్యోగం లేని ఉదయాలు

ఉద్యోగం పోయిందంటే జీతం సంగతే ఆలోచిస్తాం గానీ, ముందు పోయేది రోజువారీ వరస. ఫోన్ చూస్తూ సాయంత్రం చేసేయడం ఎంత తేలికో! అందుకే టిఫిన్ కాగానే విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లిపోతున్నా. చుట్టూ గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు, పుస్తకంలోంచి తలెత్తరు. వాళ్ల మధ్య కూర్చుని రీల్స్ చూడాలంటే సిగ్గేస్తుంది.

ముందు కాగితాల పని పట్టుకున్నా. రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు, జీతంలో కోసిన పన్ను లెక్క చూపే ఫారం 16. నేను మానేసిన తేదీని పాత ఆఫీసువాళ్లు పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించనే లేదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత అది మనమే నమోదు చేసుకోవచ్చట, ఆ టెన్షన్ తీరింది. ఐదేళ్ల సర్వీసు నిండినవాళ్లు గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన సొమ్ము, గట్టిగా అడగండి. చట్టం ప్రకారం అది మన హక్కు, ఎవరి దయా కాదు.

రెజ్యూమె మాత్రం ఒక పట్టాన తెమల్లేదు. ‘టీమ్‌ని సమర్థంగా నడిపాను’ లాంటివన్నీ కొట్టేసి, పోర్టు నుంచి ఏ సరుకు ఎక్కడికి, ఎన్ని గంటల్లో పంపించేవాణ్ణో రాశా. చదువుతుంటే నాకే కాస్త ధైర్యం వచ్చింది.

ఇక బంధువులు. ‘హైదరాబాద్ వెళ్లిపోరా’ అని అందరిదీ ఒకటే పాట. అమ్మ మాత్రం ‘ఏటిరా, మధ్యాహ్నం ఏటి తిన్నావు?’ అని తప్ప ఇంకేమీ అడగదు.

సోమవారం గాజువాకలో ఇంటర్వ్యూ. చొక్కా ఇస్త్రీకి ఇచ్చా. గిడ్డంగులు, రవాణా వైపు ఖాళీలేమైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.