షఫ్దాన్ ఇసుక, ధర్మాబాద్ నల్లరేగడి

సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచే ఉండాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని తెలంగాణకు వదలాలి. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ ప్రాంతంలో సేద్యం చేసుకునే మా తెలుగు కుటుంబాలకు గోదావరి లెక్క ఈ తేదీల చుట్టూనే తిరుగుతుంది. పట్టణాల మోరీల నుంచి ఎండాకాలంలోనూ వస్తూనే ఉండే నీరు మాత్రం ఆ లెక్కలోకి రాదు. దాన్ని శుద్ధి చేసి పొలాలకు ఇవ్వాలన్న ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఇజ్రాయెల్ పేరెత్తుతారు.

ఆ దేశం తన మురుగునీటిలో దాదాపు 90 శాతాన్ని సేద్యానికి మళ్లిస్తున్న మాట నిజమే. టెల్ అవీవ్‌కు దక్షిణాన ఉన్న షఫ్దాన్ కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని ఇసుక నేలల్లోకి వదిలి, నెలల తరబడి భూగర్భంలో ఉండనిచ్చి, ఆ తర్వాత బావుల ద్వారా తోడి, గొట్టాల్లో నెగెవ్ ఎడారి పొలాలకు పంపుతారు. అక్కడ చివరి వడపోత పని ఇసుకదే. మన నల్లరేగడి ఆ పని చేయలేదు. తడిస్తే ఉబ్బి బిగుసుకునే ఈ నేలలో నీరు ఇంకడమే నిదానం; దానికి తోడు నీటిలో సోడియం ఎక్కువైతే బంకమట్టి రేణువులు విడిపోయి, మట్టిలోని సన్నని సందులు మూసుకుపోతాయి. మామూలు శుద్ధి కేంద్రం మలినాలను, క్రిములను చాలావరకు తగ్గిస్తుంది గాని, నీటిలో కరిగిన ఉప్పును తీయదు. మన దగ్గర చర్చ ఎప్పుడూ వాసన దగ్గర, క్రిముల దగ్గర ఆగిపోతుంది. రేగడి రైతు మొదట అడగవలసింది ఉప్పు సంగతి అని నా అభిప్రాయం.

మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, అంటే మట్టి ద్రావణపు విద్యుద్వాహకత, మీటరుకు 1.5 డెసీసీమెన్లు దాటితే మిరప దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పత్తి సుమారు 7.7 దాకా తట్టుకుంటుంది. మిర్చికి పేరున్న ఊళ్లో ఈ తేడా చిన్నది కాదు. “మోరీ నీళ్ల మిర్చి అంటే ఎవడు కొంటడురా?” అని మా చిన్నాయన అన్నది వేరే భయంతోనే అయినా, ఆ నీటిని ముందుగా పత్తికి పెట్టడమే మేలన్న చోటికే అదీ చేరుతుంది. పత్తి తినే పంట కాదు కదా అని నిబంధనలు వదిలేయడానికి మాత్రం వీల్లేదు. పత్తి గింజల చెక్క పశువుల మేతకు పోతుంది, ఆ నీటి మధ్య కాళ్లు తడుపుకుంటూ తిరిగేది కూలీలు. పైగా ఆ నీటిలో మిగిలిన నత్రజనిని లెక్కలోకి తీసుకుని యూరియా తగ్గించాలి. లేకుంటే చేను ఆకు మీదికి పోయి కాయ పక్వానికి రావడం ఆలస్యమవుతుంది.

మోరీ నీరు వానాకాలంలోనూ ఆగదు, అప్పుడు చేనుకు దాని అవసరం ఉండదు. ఇజ్రాయెల్‌లో చలికాలపు నీటిని జలాశయాల్లో నిల్వ చేసి ఎండాకాలంలో వాడతారు. ఇక్కడ అలాంటి చెరువు తవ్వాలంటే భూమి కావాలి. గొట్టాల ఖర్చు గురించి సభల్లో వింటుంటాం గాని, ఆ భూమి ఎవరిది, పరిహారం ఎవరిస్తారు, నీటిలోని సోడియం, మోతాదు మించితే పంటను దెబ్బతీసే బోరాన్ పరీక్షల ఫలితాలను నెలనెలా రైతుల ముందు ఎవరు పెడతారు అన్నవి తేలకముందే చేను మీదికి ఆ నీటిని రానివ్వడానికి నేను ఒప్పుకోను.