మడమ నొప్పితో సలేశ్వరం

మా అమ్మాయి కాన్పు కష్టమైన రాత్రి, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే చెప్పుల్లేని కాళ్లతో వచ్చి దర్శించుకుంటానని నల్లమల అడవి లోయలో వెలసిన సలేశ్వరం లింగమయ్యకు మొక్కుకున్నాను. మొన్న చైత్ర పౌర్ణమి జాతరలో ఆ మొక్కు తీరింది.

నల్లమల రాళ్లకు కాళ్లను అలవాటు చేద్దామని అచ్చంపేటలో రోజూ తెల్లవారుజామున సిమెంటు రోడ్డు మీద నడవసాగి, రెండో వారానికే ఆరు కిలోమీటర్లకు పెంచాను. అరికాలి చర్మం బొబ్బలెక్కినా తరువాత మందమై కాయకట్టింది. లోపలి కణజాలం మాత్రం మాట వినలేదు. మడమ ఎముక నుండి వేళ్ల మొదళ్ల వరకు పాదం వంపును వింటినారిలా పట్టి ఉంచే ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీ అడుగడుగునా సాగుతుందనీ, అందులో పడే సూక్ష్మమైన చిరుగులు మానేలోపే మళ్లీ మళ్లీ నడిస్తే అది మడమ దగ్గర క్రమంగా చెడుతుందనీ ఫిజియోథెరపిస్టు వివరించాడు. పొద్దున మొదటి అడుగుకే మేకు దిగినట్లు పొడిచి, నాలుగడుగులు వేశాక నొప్పి తగ్గడం దాని గుర్తట. నడక సగానికి తగ్గించి, పిక్కలు సాగదీస్తూ, చల్లని నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లిస్తూ నెలన్నర గడిపాను. "చెప్పులేసుకొనే పోండి సార్, దేవుడేమీ అనడు" అన్నాడాయన. దేవుడు అనకపోవచ్చు గాని, మొక్కింది నేను కదా!

లోయలోకి దిగే ఇరుకు దారిలో "వస్తున్నాం లింగమయ్యా" అన్న కేకల నడుమ వెనుక నుండి తోసేవారూ, పులులు తిరిగే అడవిలో ప్లాస్టిక్ సీసాలు విసిరేసేవారూ విసిగించారు. జలపాతం కింద నిలబడగానే చల్లదనానికి మడమ మొద్దుబారింది. గుహలో లింగాన్ని చూసింది రెండు క్షణాలే. చెంచు పూజారి విభూతి పెట్టేలోపే జనం నన్ను పక్కకు నెట్టారు. అయినా ఆ రెండు క్షణాలు ఇంకా కళ్లలోనే ఉన్నాయి.

తిరిగి ఎక్కేటప్పుడు వేళ్లు వంగిన ప్రతిసారీ ఆ పట్టీ బిగిసి, ఒక బండ దగ్గర కూలబడ్డాను. ముందు వెళుతున్న ముసలమ్మ వెనక్కి వచ్చి, "మునివేళ్ల మీద ఎక్కకు బిడ్డా, మడమ గూడ రాయి మీద ఆనియ్యి" అని తన చేతికర్ర నాకిచ్చింది. ఫిజియోథెరపిస్టు నెలన్నర చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పింది. పైకి చేరాక కర్ర తిరిగి ఇద్దామంటే ఆ జనంలో ఆమె కనిపించలేదు.

ఈ పొద్దున మంచం మీదే కూర్చొని, బొటనవేలిని నా వైపు లాగి పట్టుకొని, పది లెక్కపెట్టాక కాలు నేల మీద పెడదామనుకున్నాను. పక్కగదిలో మనవరాలు ఏడ్చింది. ఆరు దగ్గరే లేచాను.