పెరట్లో కుండల బట్టీ: ఇప్పటిదాకా జరిగిన పని

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టిన కట్టెల బట్టీలో ఉగాది దాటేసరికి కుండలు కాలడం మొదలైంది. మాది కడియం పక్కన ఊరు. చుట్టూ నర్సరీలే కాబట్టి పూలకుండీలతో పని ఎప్పుడూ ఉంటుంది. పెరట్లో స్థలం ఉంది, సారె (కుమ్మరి చక్రం) మీద చెయ్యి కాస్త కుదురుకుంది. లేనిదల్లా కాల్చుకునే చోటు. కొలతలు, మట్టి పాళ్లు, మంట నడిపిన తీరు ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇటుక పేర్చడం వచ్చిన ఎవరైనా దీన్ని కట్టుకోవచ్చు.

ఇదివరకు నా కుండలు మా ఊరి కుమ్మరి బాబాయ్ ఆములో ఓ మూల పెట్టించేవాణ్ణి. కింద కట్టెలు, పిడకలు పరిచి, కుండలు పేర్చి, పైన వరిగడ్డి కప్పి, దానిమీద మట్టి పూత పూస్తారు. గడ్డి నిదానంగా కాలుతుంది కాబట్టి వేడి తనంతట తనే మెల్లగా ఎక్కుతుంది. ఆ పద్ధతిలో తెలివంతా అక్కడే ఉంది. కానీ ఆ ఆము నిండాలంటే బోలెడు కుండలు కావాలి. నాకు పాతికో ముప్పయ్యో చిన్న కుండీలు ఉంటాయి. పైగా ఇళ్ల మధ్య అంత గడ్డి తగలబెడితే పొగతో అందరికీ ఇబ్బంది. అందుకే కింద పొయ్యి, మధ్యలో కుండలు నిలిపే సందుల అరుగు, పైన కుండల గది ఉండే ఇటుక బట్టీ అనుకున్నాను. మంట కింద పుట్టి, కుండల మధ్య నుంచి పైకి పోతుంది. హరప్పా తవ్వకాల్లో బయటపడ్డ బట్టీల్లోనూ ఇదే అమరిక కనిపిస్తుంది.

గది లోపలి కొలత 2 అడుగులు × 2 అడుగులు, ఎత్తు రెండుంపావు. దాని కింద పొయ్యి ఎత్తు అడుగున్నర. గోడ మందం 9 అంగుళాలు, అంటే ఒక ఇటుక పొడవు. ఊళ్లో దొరికే మామూలు ఎర్ర ఇటుకలు 400 దాకా పట్టాయి. వాటిలో బాగా కాలినవి, కొడితే ఖంగుమనేవి ఏరి పొయ్యి చుట్టూ వాడాను. సరిగా కాలని ఇటుక మంట దగ్గర రాలిపోతుంది. అలాంటివన్నీ బయటి వరసలకి సరిపోయాయి.

పునాది దగ్గర మా ప్రాంతానికి ఒక చిక్కుంది. కాలవల కింద ఊళ్లు కదా, రెండడుగులు తవ్వితే చెమ్మ. నేల తడిగా ఉంటే కట్టె వేడి సగం ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికే పోతుంది. అందుకని నేలకంటే ఎత్తు చేసి, ఇటుక ముక్కలు దట్టించి, దానిమీద 6 అంగుళాల మందాన ఊక బూడిద పరిచాను. రైస్ మిల్లుల్లో ఇది కావలసినంత దొరుకుతుంది. వేడిని కిందికి పోనివ్వకుండా ఆపడంలో దీని ముందు కొనుక్కొచ్చే సరుకులు చాలావరకు అక్కర్లేదనే నా అభిప్రాయం. బూడిద మీద ఒక వరస ఇటుక. సిమెంటు గచ్చు మీద నేరుగా బట్టీ కట్టొద్దు, వేడికి గచ్చు పెచ్చులుగా పేలుతుంది.

గోడలకీ సిమెంటు పనికిరాదు. 400, 500 డిగ్రీలు దాటేసరికి సిమెంటు పట్టు వదిలేసి పొడి అవుతుంది. ఒక పాలు బంకమట్టి, రెండు పాళ్లు ఇసుక, గుప్పెడు జల్లించిన ఊక, ఇంతే. పలచగా పూసి ఇటుకని తడిపి పెడితే చాలు. మళ్లీ విప్పి కట్టుకోవాలన్నా సుత్తి పని ఉండదు. ఇంకో జాగ్రత్త: పొయ్యి నోటి మీద అడ్డంగా వెయ్యడానికి నాపరాయి ముక్క చేతికి అందుతుంది, కానీ వెయ్యొద్దు. అది సున్నపురాయి. మంట తగిలితే పగులుతుంది, ఎక్కువ వేడికి సున్నమైపోతుంది. రెండు వైపుల నుంచీ ఇటుకలు కొంచెం కొంచెం ముందుకి జరుపుతూ పైన కలిపేస్తే నోరు నిలబడుతుంది.

అసలు పని అరుగులో ఉంది. ఇనుప కమ్మీలు వేస్తే తేలికే, కానీ 600 దాటాక ఇనుము మెత్తబడి, పైన కుండల బరువుకి వంగిపోతుంది. నేను పొయ్యి మధ్యలో ముందు నుంచి వెనక్కి 9 అంగుళాల మందం గోడ కట్టి రెండు పాయలు చేశాను. పక్క గోడల ఇటుకల్ని పై వరసల్లో రెండుంపావు అంగుళాలు లోపలికి తెచ్చాను. అప్పుడు మధ్య ఖాళీ ఐదుంపావు అంగుళాలే మిగిలింది. దానిమీద ఇటుకల్ని అడ్డంగా, అంచు మీద నిలబెట్టి పేర్చాను. పాయకి ఐదు ఇటుకలు, ఇటుకకీ ఇటుకకీ మధ్య అంగుళంన్నర సందు. మంట పైకి వచ్చేది ఆ సందుల్లోంచే. రెండు పాయలకీ రెండు నోళ్లు. ఏ పక్క చల్లగా ఉంటే ఆ పక్క కట్టె వేసుకోవచ్చు. ఇంత చిన్న బట్టీకి రెండు నోళ్లు ఎందుకని బాబాయ్ అడిగారు గానీ, కాల్చేటప్పుడు చూసి ఆయనకీ నచ్చింది.

చుట్టూ ఎర్రమట్టి, ఊక కలిపి 4 అంగుళాల పూత వేశాను. లోపలి ఊక కాలి గుల్ల అవుతుంది, ఆ గుల్లే వేడిని పట్టి ఉంచుతుంది. నాలుగు మూలలా ఇనుప యాంగిల్స్ నిలబెట్టి తీగతో బిగించాను. వేడికి గోడలు ఉబ్బి పగుళ్లు ఇవ్వడం మామూలే, చల్లారాక మూసుకుంటాయి.

ఇక మట్టి. మా చెరువు మట్టి జిగట బాగుంటుంది, కానీ నత్తగుల్లలు ఎక్కువ. వాటిని వదిలేస్తే కాల్చిన వారానికో పది రోజులకో కుండ మీద పెచ్చు లేచిపోతుంది. 800 డిగ్రీల దగ్గర గుల్ల సున్నం అవుతుంది. తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, పైనున్న మట్టిని తోసేస్తుంది. మా కోస్తా గాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే మట్టిని నీళ్లలో కరిగించి, దోమతెర గుడ్డలో వడగట్టి, గోనె మీద ఆరబెడుతున్నాను. తర్వాత ఐదో వంతు సన్నటి ఇసుక, లేదా పగిలిన కుండ పెంకుల పొడి కలుపుతాను. పెంకుల పొడి ఉన్న మట్టి ఆరేటప్పుడు తక్కువ బిగుసుకుంటుంది, పగుళ్లూ తక్కువ.

కట్టె విషయంలో సరుగుడు నాకు బాగా నచ్చింది. ఎండినది, మణికట్టు లావు చీలికలు మొదట్లో, బొటనవేలు లావు పుల్లలు చివర్లో. కొబ్బరి మట్టలు మాకు ఊరికే దొరుకుతాయి. అవి భగ్గున మండి పొడుగు మంట ఇస్తాయి కాబట్టి ఆఖరి గంటకి దాచుకున్నాను. మొత్తం 150 కిలోలకు అటూ ఇటూగా ఖర్చవుతోంది. గోడలు తడి ఆరిన కొద్దీ ఇది తగ్గుతోంది.

మొదటి కాల్పుకి ముందు ఖాళీ బట్టీలోనే చిన్న మంటలు పెట్టి గోడలు ఆరబెట్టాను. తర్వాత కుండలు పేర్చి, పైన పగిలిన పెంకులు రెండు వరసలు కప్పాను. మూత బదులు పెంకులే. వాటి సందుల్లోంచి పొగ పోతుంది, ఎక్కడ సందు పెంచితే మంట అటు లాగుతుంది. వేడి కొలవడానికి కె-టైప్ థర్మోకపుల్ ఒకటి డిజిటల్ మీటరుతో సహా ఆన్‌లైన్లో తెప్పించి, గోడలో సగం ఎత్తున దూర్చాను.

"కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు" అంటారు, అంటే కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్ర ఒక్క దెబ్బకి పోతుందని. బట్టీలో ఆ గుదియ మొదటి మూడు గంటలు. ఎండిపోయిందనుకున్న కుండలో కూడా తేమ ఉంటుంది. అది 100 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఆవిరైతే కుండ పేలుతుంది, పక్కవాటినీ పగలగొడుతుంది. కాబట్టి మంట నోట్లో కాకుండా నోటి బయట పెట్టి, వేడిగాలి మాత్రమే లోపలికి పోనిచ్చాను. ఆవిరి ఆగిందో లేదో చూడటానికి చల్లటి స్టీలు పళ్లెం పెంకుల సందు మీద ఓ క్షణం పట్టుకుంటే సరి. పళ్లానికి తడి పడితే ఇంకా ఆగాలి. పడటం మానేశాకే మంట లోపలికి జరిపాను. ఆ తర్వాత గంటకి సుమారు 100 డిగ్రీల చొప్పున 600 దాకా. 573 దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు ఒక్కసారిగా సైజు మారతాయి. అందుకే ఆ చుట్టుపక్కల ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొందరపడకూడదు.

600 దాటాక కట్టె బాగా వెయ్యొచ్చని చాలామంది చెబుతారు. నిజమే, కానీ బట్టీని నడిపేది కట్టెకంటే గాలి. మీటరు 720 దగ్గర ఆగిపోయి ఎంతసేపటికీ కదలకపోతే ఎవరికైనా ఇంకో నాలుగు కట్టెలు వెయ్యాలనిపిస్తుంది. నేను మరో మోపు అందుకుంటుంటే బాబాయ్ ఆపారు.

"కట్టెలు కాదండి బాబూ, పొగ చూడండి. నల్లగా వస్తుంటే లోపల దానికి ఊపిరాడట్లేదు."

నోట్లో నిప్పులు పొయ్యి సగం దాకా పేరుకుని గాలి దారి మూసేశాయి. పార పెట్టి నిప్పుల్ని ముందుకి లాగి పరిస్తే, కట్టె ఒక్కటీ వెయ్యకుండానే వేడి ఎక్కడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది: ఒక నోట్లో నాలుగైదు పుల్లలు వేస్తాను. పైన నల్లపొగ వస్తుంది, ఓ నిమిషంలో పలచబడి మాయమవుతుంది. మంట నాలుక శుభ్రంగా కనిపించాక రెండో నోట్లో వేస్తాను. పొగ ఉండగా మళ్లీ వెయ్యను. ఇలా చేస్తే 900 చేరడం కష్టమేమీ కాదు. మీటరు లేనివాళ్లు రంగు చూసుకోవచ్చు. చీకట్లో 500 దాటాక లీలగా ఎరుపు కనిపిస్తుంది, 800కి చెర్రీపండు ఎరుపు, 900 దాటేసరికి నారింజ వైపు తిరుగుతుంది. 900 దగ్గర అరగంట నిలిపి, నోళ్లు ఇటుకలతో మూసి మట్టి మెత్తాను. విప్పింది మర్నాడు సాయంత్రమే. ముందే తెరిచి చల్లగాలి తగిలిస్తే కుండ గీత పడుతుంది.

మొదటి కాల్పులో అడుగు కుండలు చక్కటి ఎరుపు. వెనక మూలల్లోవి మాత్రం సగం నల్లగా వచ్చాయి. మంట ఎక్కువగా ముందు వైపు నుంచే పైకి పోవడం దీనికి కారణం. తర్వాతి కాల్పులో వెనక మూలల మీద పెంకుల సందు పెంచి, ముందు వైపు దట్టంగా కప్పాను. కింద పెద్ద కుండీల్ని ఒకదానికొకటి ఆనకుండా ఎడంగా పెట్టాను. తేడా బాగా తెలిసింది, నల్లమరకలు రెండు మూడు కుండీలకే మిగిలాయి. ప్రతి కాల్పు నుంచీ ఒక పెంకు ముక్క రాత్రంతా నీళ్లలో నానేస్తున్నాను. కాలని మట్టైతే తెల్లారేసరికి ముద్దవుతుంది. కాలిన పెంకు అలాగే ఉండి, కొడితే మోగుతుంది.

అన్నిటికీ 900 అక్కర్లేదు. మంచినీళ్ల కుండ చల్లబరిచేది గోడల్లోంచి నీరు ఊరి ఆవిరవడం వల్లే. ఎక్కువ కాలిస్తే రంధ్రాలు బిగుసుకుని ఆ గుణం తగ్గుతుంది. వాటికి 750, 800 దగ్గర ఆపుతున్నాను. ఏళ్ల తరబడి వానలో, ఎండలో ఉండే పూలకుండీలకి 900 మంచిది.

కాల్చే రోజు ముందే చుట్టుపక్కల ఇళ్లకి చెప్పి, ఆరేసిన బట్టలు తియ్యమంటాను. తాటాకు పాకలు, గడ్డిమేట్లు ఉన్న ఊళ్లో గాలి లేచే వేళ మంట పెట్టకూడదు. నేను తెల్లవారకముందే మొదలుపెడతాను. నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు పక్కనే ఉంటాయి. బట్టీ మీదికి వంగే కొబ్బరి మట్టలు ముందే నరికించాను.

ఇప్పుడు మనసంతా నల్ల కుండల మీద ఉంది. నల్ల కుండలకి పేరున్న నిజామాబాద్ మన తెలంగాణలోది కాదు, ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాలోది. అక్కడ ఊక పొగలో, గాలి అందకుండా కాలుస్తారు. మట్టిలోని ఇనుముకి గాలి అందితే ఎరుపు, అందకపోతే నలుపు. నా బట్టీలోనైతే చివర్లో పొయ్యిలో ఊక పోసి, నోళ్లూ పైన పెంకుల సందులూ ఒకేసారి మట్టితో మూసెయ్యాలి. దానికి పైన పెంకుల బదులు సరైన మూత కావాలి. ఊక కలిపిన మట్టితో నాలుగు పలకలు పోసి నీడలో ఆరబెట్టాను. అవి ఆరేలోపు, తొలకరి పడకముందే, బట్టీ మీద రేకుల పందిరి వెయ్యాలి. పెంకుల పైన మంట రెండడుగులు లేస్తోంది కాబట్టి రేకులు బోల్టులతో బిగించి, కాల్చే రోజు విప్పేలా పెట్టిస్తున్నాను.