పాతిక కాయల ఆవకాయ

ఆదివారం, రాత్రి ఎనిమిది. చేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి.

ఆవకాయ పెడుతోందని పొద్దున్నే తెనాలి దగ్గర పెద్దమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. బజార్లో కొట్టించుకొచ్చిన ముక్కల్ని మంచం మీద పాత చీర పరిచి ఆరబోసింది. ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి, జీడి తీసేసి, టెంకకి అంటుకున్న పల్చటి పొరని గోటితో గీకడం నా పని. మొత్తం పాతిక కాయలు. నా చిన్నప్పుడు ఇదే ఇంట్లో రెండొందల కాయలు పెట్టేవాళ్లు. అప్పటి పెద్ద జాడీ ఇప్పుడు దొడ్లో బోర్లించి ఉంది. దాని మీద పిల్లి పడుకుంటోంది.

తోబుట్టువులు పెద్దమ్మతో కలిపి ఏడుగురు. తనకి ముగ్గురు. మూడో కాన్పయ్యాక నర్సమ్మ వెంటపడి మరీ ఆపరేషన్ చేయించిందట. ఎక్కడ చూసినా ఎర్ర త్రికోణం, ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అన్న రోజులు. ఆ ముగ్గురికీ తలా ఒక్కరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన లెక్క ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనని 2024లో ఎత్తేశారు కూడా. ఇంకా కనమని నాయకులే చెబుతున్నారు. ఆ మాట చెబితే, “అప్పుడు వద్దని కడుపులు కోసి, ఇప్పుడు కనమంటున్నారా!” అని పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. వేలికి కారం ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది. తుమ్ములే తుమ్ములు.

నేనూ ఒక్కదాంతోనే ఆపాను. నా వెంట ఏ నర్సమ్మా పడలేదు. యూకేజీ ఫీజు చూసి నేనే ఆపుకున్నాను.

మా మేనల్లుడు కూడా వచ్చి ఉన్నాడు. ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఆవపిండి జల్లిస్తూ కరెంట్ అఫైర్స్ అప్పజెప్పాడు. ప్రపంచ జనాభా 2080ల నడిమికి 1,030 కోట్ల దాకా వెళ్లి అక్కణ్ణుంచి తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా అట. దక్షిణ కొరియాలో సగటు 2023లో 0.72కి పడిపోయిందట. అంతా చెప్పి, “జనం తగ్గిపోతున్నారంటారు గానీ అత్తా, పరీక్ష హాలు దగ్గర నాకెక్కడా కనపడదే!” అన్నాడు. ఆంధ్రాలో 2023లో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కి పోస్టులు దాదాపు తొమ్మిది వందలు, అప్లై చేసింది నాలుగు లక్షల మందికి పైనే. కనమని చెప్పే ఆ నాయకులు, ఇప్పటికే ఉన్నవాళ్లకి ఏం ఉద్యోగాలు చూపిస్తారో ముందు చెబితే బాగుండు. పెద్దమ్మ మధ్యలో పెళ్లి మాటెత్తింది. వాడు జల్లెడ కింద పెట్టి బయటికెళ్లిపోయాడు. నాకు ఆవిడ మీద కాస్త కోపం వచ్చింది, ఆవిడ చేతులు చూస్తే పోయింది.

నూనె పోసి కలిపేసరికి మధ్యాహ్నం మూడైంది. మూడో రోజు తిరగకలపాలి గానీ, మేమెవరం అప్పటిదాకా ఉంటాం? “మీరే కలుపుకోండి” అని పెద్దమ్మ సీసాలకెత్తింది. పెద్ద కొడుక్కొకటి, కూతురికొకటి, అమెరికా వాడికి ఎవరైనా వెళ్తే పంపడానికొకటి. నాదీ చిన్నదే. తనకి ఓ గిన్నెడు ఉంచుకుంది.

అన్నిట్లోకీ పెద్ద సీసా మేనల్లుడికిచ్చింది. “గదిలో ఆరుగురు తినాలి కదా” అంది.