తండ్రి కోచ్, కొడుకు హాఫ్‌బ్యాక్

సిడ్నీ పడమటి శివార్లకు కాపురం వచ్చాక నాకు రగ్బీ లీగ్ మీద ఆసక్తి పుట్టించింది పెన్రిత్ పాంథర్స్ జట్టు కోచ్ ఐవన్ క్లియరీ. ఆటగాడిగా ఆయన ఫుల్‌బ్యాక్ (జట్టు వెనక చివరన నిలబడి కాపు కాసేవాడు), గురి తప్పని గోల్ కిక్కర్. 1998లో ఒకే సీజన్‌లో 284 పాయింట్లు సాధించినా, 2002లో న్యూజిలాండ్ వారియర్స్ తరఫున గ్రాండ్ ఫైనల్ (సీజన్ విజేతను తేల్చే చివరి మ్యాచ్) ఆడి 30–8 తేడాతో ఓడిపోయారు. కోచ్‌గా అదే వారియర్స్‌ను 2011లో ఫైనల్‌కు చేర్చినప్పుడూ కప్పు దక్కలేదు.

ఆ తర్వాత పెన్రిత్‌కు కోచ్ అయ్యారు, కానీ 2015లో ఆ జట్టు ఆయనను తొలగించింది. వెస్ట్స్ టైగర్స్ అనే మరో జట్టుకు కోచ్‌గా పనిచేసి, వాళ్లతో ఒప్పందం ఇంకా ఉండగానే 2019 సీజన్‌కు మళ్లీ పెన్రిత్ చేరడం టైగర్స్ అభిమానులకు నేటికీ మింగుడుపడని విషయం. వాళ్ల కోపంలో న్యాయముందనే నా అభిప్రాయం.

అయితే పెన్రిత్‌లో ఆయన కొడుకు నేథన్ హాఫ్‌బ్యాక్‌గా, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడిగా, ఆడుతున్నాడు. 2023 ఫైనల్‌లో బ్రిస్బేన్ 24–8 ఆధిక్యంలో ఉండగా మా ఇంట్లో టీవీ కట్టేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. చివరి ఇరవై నిమిషాల్లో పెన్రిత్ మూడు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) చేసింది. మూడోది నేథన్ స్వయంగా రక్షణ వలయాన్ని ఛేదించి సాధించి, ఆ వెంటనే ట్రై తర్వాత దక్కే గోల్ కిక్ కూడా తానే కొట్టి స్కోరును 26–24 చేశాడు. ఆటగాడిగా ఒక్క గ్రాండ్ ఫైనల్ కూడా గెలవని ఆ తండ్రి 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచారు, నాలుగింటిలోనూ హాఫ్‌బ్యాక్ కొడుకే.