అక్కా అని పిలిచింది నేనే

మేనేజర్‌తో ఇంగ్లీషులో బానే మాట్లాడతా గానీ ఏడుపు మాత్రం నాకు తెలుగులోనే వస్తది, అందుకే కౌన్సెలర్‌ని వెతికేటప్పుడు ఒక్కటే కండిషన్ పెట్టుకున్నా, తెలుగు రావాలి అని. బెంగళూరులో తెలుగోళ్లకేం తక్కువ, మారతహళ్లిలో "ఒరేయ్" అంటే పదిమంది తిరిగి చూస్తారు, అయినా నాకు దొరకడానికి 3 నెలలు పట్టింది. దొరికినావిడ మా జిల్లానే. రెండో సెషన్‌కల్లా "అక్కా" అనేశా, ఆవిడా వద్దనలేదు, "ఏం తిన్నావే పొద్దున" అని మొదలుపెట్టేది, నాకు ప్రాణం లేచొచ్చేది.

నేను వెళ్లిందేమో ఎవరికీ "కుదరదు" అని చెప్పలేక నలిగిపోతున్నానని. ఐదో సెషన్ అయిపోయి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే "మా తమ్ముడి రెజ్యూమె వాట్సాప్ చేస్తా, మీ కంపెనీలో రిఫర్ చెయ్యవా" అంది. ఈ ఊళ్లో రిఫరల్ అడగడం కూడా ఒక విషయమేనా, కాఫీ అడిగినట్టే. చేశా. ఆ అబ్బాయి రెండో రౌండ్‌లో పోయాడు. తర్వాతి సెషన్‌లో మొదటి పావుగంట దాని గురించే, ప్యానెల్‌లో ఎవరు, ఫీడ్‌బ్యాక్ కనుక్కోగలవా అని. ఆ రోజు మా అత్తగారి గొడవ చెప్దామని వెళ్లా, చెప్పలేదు. అక్క మనసు ఎలా ఉందో ఏమో అని చూసుకుంటూ కూర్చున్నా, అంటే ఆ 50 నిమిషాలూ కౌన్సెలింగ్ చేసింది నేను, ఫీజు కట్టింది కూడా నేనే. పైగా ఆ నెల నుంచి 1500 కాస్తా 1200 చేసింది, ఇంకేం నోరెత్తుతాం.

అప్పటికీ మానలేదు. శ్రావణ శుక్రవారం వాళ్లింటికి వ్రతానికి పిలిస్తే వెళ్లా. చేతిలో తాంబూలం, శనగల కవరు, పక్కనెవరో పెద్దావిడ "ఎవరమ్మాయి?" అంటే అక్క నవ్వుతూ "మా దగ్గరికొస్తుంది పిన్నీ, సెషన్స్‌కి" అంది. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసిన చూపు ఉంది చూడండి, కవరులో శనగలు అలాగే పట్టుకుని ఆటో ఎక్కేశా. మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

తర్వాత కూర్చుని చదివా. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది, ట్రీట్‌మెంట్ సంగతులు గోప్యంగా ఉంచాలని. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లు సైకాలజిస్టులకి పెట్టిన నీతి నియమాల్లో 3.05 అయితే నాకోసమే రాసినట్టుంది: క్లయింట్‌తో ఇంకో బంధం కూడా పెట్టుకుంటే, దానివల్ల ప్రాక్టీషనర్ బుర్ర సరిగ్గా పనిచెయ్యకపోయినా, క్లయింట్‌ని వాడుకునే ప్రమాదం ఉన్నా, అది కూడదు. అలాంటి ప్రమాదం లేని పరిచయాల్ని తప్పనలేదు, అది నాకు నచ్చింది, ఒకే ఊళ్లో ఉంటూ అసలు ఎదురుపడకుండా ఎలా కుదురుతుంది. శారీరక సంబంధం దగ్గర మాత్రం చాలా గట్టిగా ఉన్నారు, సెషన్లు ఆగిపోయాక కూడా కనీసం 2 ఏళ్లు కూడదు, అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ అయితే 5 ఏళ్లంటుంది. మా అక్కది అంత పెద్ద నేరమేం కాదు. మంచిదే పాపం. మనకి ఎవర్నైనా ఎక్కువసేపు "మేడమ్" అని ఉంచలేని రోగం ఉంది, అందులో నా వాటా నాదే, కానీ ఆ చుట్టరికాన్ని పక్కకి తియ్యాల్సింది మాత్రం ట్రైనింగ్ ఉన్నవాళ్లు కదా.

రెండోసారి మాత్రం, ఇలాంటివాళ్లని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుందో లేదో చూసుకుని ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికెళ్లా. మొదటి రోజే "బయట కనబడితే నేను పలకరించను, మీరు పలకరిస్తే పలకరిస్తా" అంది. అబ్బో, ఎంత పొగరో అనుకున్నా. పూతరేకుల డబ్బా తీసుకెళ్తే ఒకటి తుంచుకుని తిని మిగతాది నా చేతికే ఇచ్చేసింది.

మొన్న శనివారం ఆంధ్రా మెస్‌లో ఎదురు టేబుల్‌లో ఆవిడే, పిల్లలతో. కళ్లు కలిశాయి. మళ్లీ తలొంచుకుని గోంగూర కలుపుకుంటా కూర్చుంది. మా ఆయన "ఎవరావిడ, నిన్నే చూసింది" అంటే "ఏమో" అన్నా.

మంగళవారం సెషన్‌లో ఆవిడే ఎత్తింది, "మెస్‌లో కనబడ్డాం కదా, ఎలా అనిపించింది?" అని. "మీరు గోంగూరలో ఉల్లిపాయ నంజుకోరా?" అన్నా. నవ్వింది, ఇంకేం మాట్లాడకుండా అలా చూస్తా కూర్చుంది. అప్పుడు ఆ శనగల కవరు సంగతి మొదటిసారి బయటికి చెప్పా.